పద్మారాణి చెప్పనన్న మాట

ఆస్పత్రి వాళ్ళు ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నాక సోమలింగం ఎక్కువ రోజులు బతకలేదు. మీసాలు రాని వయసులో సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, జీవితమంతా మరమగ్గాల చప్పుడులో, నూలు దుమ్ములో గడిపిన మనిషి. చివరికి ఆ దుమ్మే ఊపిరితిత్తులను తినేసింది. లింబాయత్‌లోని రెండు గదుల ఇంట్లో కిటికీ పక్కన మంచం వేసి, వీపు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెడితేనే అతనికి గాలి ఆడేది. ఒక మధ్యాహ్నం, కూతురు హారతి కాలేజీకి వెళ్ళిన సమయంలో, భార్యను దగ్గరికి పిలిచాడు.

పద్మారాణి చీరల అంచులకు లేసు కుడుతోంది. రింగ్ రోడ్ మార్కెట్ల నుంచి వచ్చే చీరల మూటలను గల్లీల్లో ఇంటింటికీ పంచుతారు. అతను మంచం పట్టినప్పటి నుంచి ఇల్లు గడుస్తున్నది ఆ పనితోనే. ఆమె మిషను ఆపి వచ్చి మంచం మీద కూర్చుంది.

"పద్మా, నేను పోయినంక నిప్పుకుండ నువ్వే పట్టాలె," అన్నాడు. "కొడుకు లేడని అన్నకు అప్పజెప్పకు. అన్న మంచోడే. కానీ ఇన్నేండ్లు నన్ను చూసుకున్నది నువ్వు. నువ్వు సాగదోలితే మంచిగ పోత."

ఆమె తల ఊపింది. అతను కాసేపు ఊపిరి కూడదీసుకుని మళ్ళీ అడిగాడు.

"మీ దేవునికి కోపం రాదు గదా?"

"రాదు," అంది పద్మారాణి.

అతను 'మీ దేవుడు' అనడానికి కారణం ఉంది. పద్మారాణి బాప్తిస్మం తీసుకుని పదేళ్ళు దాటింది. సోమలింగం తీసుకోలేదు. హారతి తర్వాత పుట్టిన పిల్లవాడు ఏడాది నిండకుండానే జ్వరంతో పోయినప్పుడు ఆమెకు నిద్ర కరువైంది. మందులు వాడారు, వేములవాడ రాజన్నకు మొక్కారు. ఏదీ పనిచేయలేదు. అదే గల్లీలో ఉండే ఐలమ్మ ఒక ఆదివారం ఆమెను తెలుగు మందిరానికి తీసుకెళ్ళింది. మందిరమంటే ఒక కిరాణా దుకాణం మీద అద్దెకు తీసుకున్న హాలు. పాటలు నడుస్తుండగానే పద్మారాణి గోడకు ఆనుకుని నిద్రపోయింది. పాస్టర్ దశరథం ఆమెను ఎవరినీ లేపనివ్వలేదు. ఆరాధన ముగిసి చాపలు చుట్టేశాక కూడా, ఆమె మేలుకునేదాకా భార్యతో కలిసి బయట మెట్ల మీద కూర్చున్నాడు.

ఆమె బాప్తిస్మం తీసుకుంటానన్నప్పుడు సోమలింగం అడ్డు చెప్పలేదు. నీకు నిద్ర పడితే నాకంతే చాలన్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఒక గోడకు రాజన్న పటం, ఇంకో గోడకు శిలువ ఉండేవి. ఆదివారం ఆమె మందిరం నుంచి వచ్చేసరికి అతను కోడికూర వండి ఉంచేవాడు. శివరాత్రికి అతను ఒక్కపొద్దు ఉంటే ఆమె పండ్లు కోసి పెట్టేది. ఇద్దరిలో ఎవరూ రెండోవారిని తన వైపు లాగలేదు. హారతి మాత్రం తల్లి వెంట మందిరానికి వెళ్ళి, పెద్దయ్యేకొద్దీ అక్కడి పాటల బృందానికి ముందు గొంతు అయింది.

సోమలింగం ఒక తెల్లవారుజామున పోయాడు. అతని అన్న బుచ్చిరాములు ఉధ్నా నుంచి పరుగున వచ్చాడు. ఆయన కులసంఘంలో పెద్దమనిషి. సూరత్‌లో తమవాళ్ళ పెళ్ళి జరిగినా చావు జరిగినా ముందుండి నడిపించేది ఆయనే. నిప్పుకుండ తాను పడతానని సిద్ధమయ్యాడు. పద్మారాణి భర్త అడిగిన మాట చెప్పింది.

ఆడమనిషి శ్మశానానికి రావడమే ఎక్కువన్నాడు బుచ్చిరాములు. పైగా చర్చికి పోయే మనిషి చేతి నిప్పుతో తమ్ముడికి దారి దొరుకుతుందా అన్నాడు. ఆయన మాటలో కోపం లేదు. తమ్ముడికి ఏదైనా తక్కువ చేస్తామేమోనన్న భయం ఉంది. అది ఆమెకు అర్థమైంది.

"బావా, ఆయన నోటితోని అడిగిండు, నేను సరే అన్న. మీరు నా పక్కపొంటి నడువున్రి," అంది.

ఆయన కాదనలేకపోయాడు. పక్కనే నడిచాడు. తాపీ నది ఒడ్డున చితి దగ్గర ఏం చేయాలో ఆయనే ఒక్కొక్కటీ చెబుతుంటే ఆమె చేసింది. భర్త నోట్లో బియ్యం పోసింది. నీళ్ళకుండ భుజాన పెట్టుకుని చుట్టూ తిరిగింది. కొరివి పెట్టింది. కర్మ చేయించే అయ్యవారు చెప్పమన్న మంత్రాలు మాత్రం పలకలేదు. ఆ సేపూ పెదవులు కదలకుండా, ఈ మనిషిని నీ చేతుల్లో పెడుతున్నానని తనకు తెలిసిన దేవుడితో చెప్పుకుంది.

కొరివి పెట్టింది భార్య కావడం కొత్త కనుక ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. సాయంత్రానికి అది లింబాయత్‌లోని తెలుగువాళ్ళ ఫోన్లలో తిరిగింది. మందిరం వాట్సాప్ గ్రూపులోకీ వచ్చింది.

మందిరం పెద్దల్లో శ్యాంసుందర్ మాటకు బరువెక్కువ. రింగ్ రోడ్‌లో చీరల దళారీ. ఒకసారి బయటివాళ్ళు కొందరు వచ్చి ఆ హాల్లో ప్రార్థనలు జరగనివ్వబోమని గొడవ చేస్తే, యజమానిని బతిమాలి, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగి హాలు నిలబెట్టింది ఆయనే. విగ్రహారాధన కర్మలు చేయనని సంఘం ముందు ప్రమాణం చేసిన మనిషి అందరూ చూస్తుండగా కర్మ చేసిందనీ, దీన్ని చూసీచూడనట్టు వదిలేస్తే రేపు తలా ఒక దారి పడతారనీ ఆయన పట్టుబట్టాడు. మిగతా పెద్దలూ సరేనన్నారు. పద్మారాణి ఆదివారం సంఘం ముందు నిలబడి తప్పైందని ఒప్పుకోవాలని నిర్ణయించారు.

ఆ సంగతి చెప్పడానికి దినాలు ముగిశాక పాస్టర్ దశరథం ఇంటికి వచ్చాడు. సోమలింగం చనిపోయిన రోజు కూడా వచ్చాడాయన. పాడె లేచేదాకా గల్లీ చివర నిలబడి, లోపలికి రాలేక, వెళ్ళిపోనూలేక చేతులు కట్టుకుని ఉన్నాడు. ఒకప్పుడు ఆయనా మగ్గం మీద పనిచేసినవాడే. సోమలింగంతో ఒకే ఖాతాలో, అంటే ఒకే మగ్గాల షెడ్డులో, కొన్నాళ్ళు రాత్రి షిఫ్టు నడిపాడు. ముందు సోమలింగం గురించే మాట్లాడాడు. తర్వాత నెమ్మదిగా విషయానికి వచ్చాడు.

పద్మారాణి అంతా విన్నది. తాను ఏ విగ్రహానికీ మొక్కలేదనీ, భర్తను సాగనంపాననీ చెప్పింది. దశరథం ఆ మాట నమ్ముతున్నానన్నాడు. కానీ చూసినవాళ్ళకు కనబడింది వేరు కదా అన్నాడు. ఒక్క మాటతో అయిపోతుందని, అందరూ ప్రార్థన చేసి మరచిపోతారని బతిమాలినట్టే చెప్పాడు.

"అయ్యగారూ, ఏం జేసినవో చెప్పుమంటే చెప్త. తప్పైందని చెప్పుమంటే ఎట్ల చెప్పాలె? నాకు గట్ల అనిపిస్తలేదు. అబద్ధం ఆడినట్టైతది," అంది.

"తప్పా కాదా అన్నది నువ్వొక్కదానివే తేల్చుకునేది కాదు చెల్లె. అందుకే గదా సంఘం ఉన్నది."

"నన్ను చేర్చుకున్నప్పుడు నమ్ముతున్నవా అని అడిగిన్రు. నమ్ముతున్న అన్న. నా మాట మీదనే చేర్చుకున్నరు. ఇప్పుడు నా మాట సరిపోతలేదా?"

దశరథం తాగని చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఒప్పుకోకపోతే ప్రభువు బల్లలో ఆమెకు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరనీ, హారతి కూడా పాటల బృందంలో నిలబడకూడదన్నారనీ తలవంచుకునే చెప్పాడు.

కూతురి పేరు వినగానే ఆమెకు మండింది. అట్లయితే తన పేరు సంఘంలో నుంచి తీసేయమంది. రేపటి నుంచి రానని, ఎవరికీ ఇబ్బంది ఉండదని అంది. అలా కుదరదన్నాడు దశరథం. విచారణలో ఉన్న మనిషి తనంతట తాను బయటికి పోవడం కుదరదనీ, ఉంచాలన్నా తీసేయాలన్నా సంఘమే చేయాలనీ, అది తాము మొదటి నుంచీ పెట్టుకున్న కట్టుబాటనీ చెప్పాడు.

"నేను వచ్చిందైతే నా కాళ్ళ మీద నేనే వచ్చిన," అంది పద్మారాణి.

ఆదివారం వెళ్ళనవసరం లేదని హారతి ఎంత చెప్పినా ఆమె వినలేదు. తన గురించి తాను లేనప్పుడు మాట్లాడుకోవడం ఇష్టం లేదంది. తల్లీకూతుళ్ళు వెళ్ళి ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నారు. పాటల బృందంలో హారతి చోటు ఖాళీగా ఉంది. వాక్య ప్రసంగం ముగిశాక శ్యాంసుందర్ లేచి జరిగింది చెప్పాడు. ఆమెను దూషించలేదు. మనమంతా ఒకే కుటుంబమనీ, కుటుంబంలో ఒకరు దారి తప్పితే పిలిచి సరిచేయడం ప్రేమేననీ అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి మాట్లాడమన్నాడు.

పద్మారాణి నిలబడింది. చాపల మీద కూర్చున్నవాళ్ళలో సగం మందికి ఆమె పురిటి పథ్యాలు వండిపెట్టింది. సగం మంది సోమలింగం జబ్బులో వచ్చి ఆమెకు తోడు కూర్చున్నారు.

"ఆయన పోయేముందు అడిగిండు, నేను చేసిన. నిప్పు పట్టిన, కొరివి పెట్టిన. చేసుకుంట కూడా ప్రభువునే తలుసుకున్న. ఆయన ముందట నేను నిలబడ్డప్పుడు అడిగితే ఇదే చెప్త. తప్పైందని మాత్రం నేను చెప్పలేను. మీకు కోపం ఉంటే ఉండనియ్యిన్రి, మీ మీద నాకైతే లేదు."

కూర్చోబోతూ మళ్ళీ ఆగి, "నా బిడ్డ ఏం జెయ్యలే. దాన్ని పాడనియ్యిన్రి," అంది.

పెద్దలు పక్క గదిలోకి వెళ్ళి మాట్లాడుకుని వచ్చారు. నిర్ణయం చదవాల్సింది పాస్టరే. పద్మారాణి పశ్చాత్తాపపడేదాకా ఆమెను సంఘానికి వెలుపల ఉంచుతున్నామని, అప్పటిదాకా సంఘస్థులు ఆమెతో కలిసి భోజనం చేయకూడదని దశరథం చెప్పాడు. చివరి మాటలు వెనక వరుసలవాళ్ళకు వినబడలేదు. శ్యాంసుందర్ వాటిని గట్టిగా మళ్ళీ చెప్పాడు. పద్మారాణి చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. వెనకే హారతి దిగింది. ఆటోలో కూతురు ఏడ్చింది. తల్లి ఇంటికి వచ్చి అన్నం వండింది. వండాక తినబుద్ధి కాక అలాగే కూర్చుంది.

మర్నాడు ఐలమ్మ వచ్చింది. రోజూ వచ్చినట్టే తన చీరల మూట తెచ్చుకుని గడపకు ఇవతల కూర్చుని లేసు కుట్టింది. మధ్యాహ్నం తన డబ్బా విప్పుకుని, కలిసి తినొద్దన్నారు కాబట్టి నేను ఇటు తిరిగి తింటాను, నువ్వు అటు తిరిగి తిను అంది. కాసేపటికి మామిడికాయ తొక్కు కావాల్సివచ్చి ఆమె వైపు తిరిగింది. చాలా రోజుల తర్వాత పద్మారాణి నవ్వింది. మిగతావాళ్ళలో కొందరు దారిలో ఎదురైతే ఫోన్ చూసుకుంటూ పోయారు. కొందరు చేయి పట్టుకుని, ఏమీ అనకుండా వదిలేశారు.

అన్నిటికన్నా ఆమెకు కష్టమైంది ఆదివారాలు. ఆ గంటల్లో ఏం చేయాలో తెలిసేది కాదు. ఇంట్లోనే బైబిలు తెరిచి కూర్చునేది. ఒక్కతే పాడితే పాట సగంలో ఆగిపోయేది. బల్ల ఆదివారం వచ్చిందంటే ఆ రొట్టె ముక్క, ఆ కాస్త రసం గుర్తొచ్చి బైబిలు మూసేసేది.

ఒక రోజు బుచ్చిరాములు వచ్చాడు. మందిరంలో జరిగింది ఆయన దాకా వెళ్ళింది. మరదలిని అలా నిలబెట్టి మాట్లాడినందుకు ఆయనకు నిజంగానే బాధగా ఉంది. కులసంఘంలో మాట్లాడి వచ్చానన్నాడు. తమ కులదైవం మార్కండేయుడి గుడిలో చిన్న పూజ చేయించి, ఇన్నాళ్ళూ అటు పోయి పొరపాటు చేశానని నలుగురి ముందు అంటే చాలు, అందరూ కలుపుకుంటారన్నాడు. హారతి సంబంధానికీ దారి సులువవుతుందన్నాడు.

పద్మారాణి ఆయనకు చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"బావా, వాళ్ళు తప్పైందని చెప్పుమన్నరు. మీరు గూడ గదే అడుగుతున్నరు," అంది.

ఆయన బిత్తరపోయాడు. ఆ రెండూ ఒకటెలా అవుతాయని అనబోయి, మానేశాడు. చాయ్ తాగి, గ్యాస్ సిలిండర్ అయిపోయిందేమో చూసి వెళ్ళాడు. ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. రావడం మాత్రం మానలేదు.

వానాకాలం సగం గడిచాక హారతి తల్లితో ఒక విషయం చెప్పింది. తనకు మళ్ళీ పాటల్లోకి వెళ్ళాలని ఉందట. స్నేహితులంతా అక్కడే ఉన్నారు, పాట లేకపోతే పిచ్చెక్కినట్టుందట. తల్లి చేసింది తప్పేనని ఒక్కసారి పాస్టర్ దగ్గర ఒప్పుకుంటే రానిస్తామని శ్యాంసుందర్ అన్నాడట.

పద్మారాణికి ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. తండ్రిని సాగనంపినందుకు తల్లిని గెంటేసిన చోటికి పిల్ల మళ్ళీ వెళ్తాననడం ఏమిటనిపించింది. నోటిదాకా వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. లేచి వంటగదిలోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. ఇప్పుడు తాను వెళ్ళొద్దంటే పిల్ల ఆగిపోతుంది. ఆ సంగతి తెలుసు కాబట్టే అనలేకపోయింది. చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"నేను చేసింది తప్పని నీకు అనిపిస్తుందా?" అని అడిగింది.

"సచ్ బోలూఁ తో, నిజంగ నాకు తెల్వదమ్మా. బాపు కోసం చేసినవ్, అది రైటే అనిపిస్తది. మళ్ళ పాస్టరంకుల్ చెప్తే అది గూడ కరెక్టే అనిపిస్తది."

"అనిపిస్తే చెప్పు, నేనేం అనుకోను. పాట కోసమని మాత్రం చెప్పకు బిడ్డా."

హారతి దశరథం దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. అమ్మ చేసింది తప్పో కాదో తనకు తెలియదనీ, తనకు పాడాలని ఉందనీ. ఆయన పెద్దలను అడగలేదు. వచ్చే ఆదివారం నుంచి వచ్చి పాడమన్నాడు. శ్యాంసుందర్ కొన్ని వారాలు ఆయనతో సరిగా మాట్లాడలేదని తర్వాత తెలిసింది.

కూతురు వెళ్ళడం మొదలుపెట్టాక పద్మారాణికి ఇంట్లో కూర్చోవడం మరీ కష్టమైంది. పాండేసరలో రంగుల మిల్లుల వెనక హిందీలో ఆరాధన జరిగే చర్చి ఉందని ఐలమ్మ ఎక్కడో విని వచ్చి చెప్పింది. ఒక ఆదివారం బస్సెక్కి వెళ్ళింది. ఒడియా వాళ్ళు, యూపీ వాళ్ళు, మరాఠీ వాళ్ళు, షిఫ్టు దిగి అలాగే వచ్చినవాళ్ళు. వేళ్ళ సందుల్లో నీలం రంగు, ఎరుపు రంగు. హిందీ ఆమెకు బజారు దాకా వచ్చు, ప్రార్థన దాకా రాదు. వాక్యం సగమే అర్థమైంది. పాటలు నోరు కదిపి ఊరుకుంది.

కొన్ని వారాల తర్వాత అక్కడి పాస్టర్, ముసలి మరాఠీ ఆయన, ఆమెను పిలిచి మాట్లాడాడు. ఆమె ఏదీ దాచలేదు. నిప్పుకుండ నుంచి వెలివేసేదాకా తన వచ్చీరాని హిందీలో చెప్పింది. ఇంకో సంఘం బయట పెట్టిన మనిషికి బల్లలో చోటివ్వాలంటే వాళ్ళ పాస్టర్‌తో మాట్లాడాలన్నాడాయన. ఆమె దశరథం నంబరిచ్చింది. ఇచ్చి, ఇక్కడా అయిపోయిందనుకుంటూ ఇంటికి వచ్చింది.

తర్వాతి ఆదివారం ముసలాయన గుమ్మం దగ్గరే ఎదురొచ్చాడు. దశరథం ఫోన్‌లో చెప్పింది ఆమెకు చెప్పాడు. సంఘం నిర్ణయం సంఘానిదే, దాన్ని నేను మార్చలేను అన్నాడట. ఆమె ఎలాంటి మనిషి అని అడిగితే, ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఈ రోజు మా దగ్గరే ఉండేది, ఆడలేదు అన్నాడట. మీ సంఘమైతే ఏం చేస్తారో మీ ఇష్టమని పెట్టేశాడట.

ఆ రోజు బల్ల ఉంది. పద్మారాణి వరుసలో నిలబడి, రొట్టె ముక్క అరచేతిలోకి తీసుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి రెండో చేయి ఖాళీ లేదు, అందులో రసం గ్లాసు ఉంది. అలాగే నిలబడిపోతే వెనకున్న ఒడియా అమ్మాయి పైట చెంగుతో ఆమె ముఖం తుడిచింది.

ఆరాధన అయ్యాక, సభ్యురాలిగా చేరతావా అని ముసలాయన అడిగాడు.

"అభీ నహీఁ పాస్టర్‌జీ," అంది. "థోడే దిన్ ఐసే హీ బైఠ్‌నే దో." ఇప్పుడే కాదు, కొన్నాళ్ళు ఇలాగే వచ్చి కూర్చోనివ్వమంది.

ఆయన నవ్వి, కుర్చీలకేం కొదవలేదన్నాడు.

ఏడాది అవుతోంది. ఆమె ఇంకా చేరలేదు, ఒక్క ఆదివారమూ మానలేదు. హారతి తెలుగు మందిరంలో పాడుతుంది, తల్లి పాండేసరలో వింటుంది. తెలియని హిందీ మాటలకు ఇంటికొచ్చాక కూతురు అర్థం చెబుతుంది. తల్లికి కొన్ని పాటలు ఇప్పుడు చూడకుండా వచ్చు.

మొన్న కూరగాయల మార్కెట్లో దశరథం ఎదురయ్యాడు. స్కూటర్ ఆపి దిగాడు. ఆరోగ్యం అడిగాడు, లేసు పని అడిగాడు, హారతి చదువు అడిగాడు. ఇక వెళ్తాడనుకుంటే వెళ్ళలేదు. సంచీ ఒక చేతిలో నుంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"అక్కడ నీకు బల్ల ఇస్తున్నరా చెల్లె?"

"ఇస్తున్నరు అయ్యగారూ."

"మంచిది," అన్నాడు. మళ్ళీ ఒకసారి, "మంచిది," అని స్కూటర్ ఎక్కాడు.